గోదావరి డెల్టాలో వలస పక్షులను చూడటం: ఏ కాలంలో, ఏ నీటి దగ్గర, ఎలా

ధవళేశ్వరం ఆనకట్ట దాటిన తరువాత గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడివడుతుంది. ఈ పాయలన్నీ సముద్రంలో కలిసేలోపు వరి చేలు, లంకలు, చేపల చెరువులు, మడ అడవులు, ఇసుక తిన్నెలు పక్కపక్కనే ఏర్పడ్డాయి. ప్రతి సంవత్సరం ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ వరకు సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా మైదానాలు, టిబెట్ పీఠభూమి వంటి చోట్ల గుడ్లు పెట్టి పిల్లలను పెంచిన పక్షులు చలికాలం గడపడానికి ఈ నేలకు వస్తాయి. వాటిని చూడాలనుకునేవారు సాధారణంగా ఏ పక్షుల కేంద్రానికి వెళ్ళాలని అడుగుతారు. డెల్టాలో ఆ ప్రశ్నకంటే ఈ వారం నీరు ఎక్కడ ఉంది, ఎంత లోతున ఉంది అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుంది. కేంద్రం పేరు ఏడాది పొడవునా మారదు గాని, నీరు వారం వారం చోటు మారుతుంది, పక్షి దాని వెంట పోతుంది. అందువలన ఇక్కడ చెప్పే పద్ధతి నీటిని ఆధారంగా చేసుకుని నడుస్తుంది.

మొదటి పని: కాలాన్ని కాలువతో, పంటతో కలిపి లెక్క వేసుకోండి

జూన్ మొదట్లో కాలువలకు నీరు వదలగానే సార్వా (తొలకరి వరి పంట) ఆకుమడులు మొదలవుతాయి. ఈ సమయంలో ఉత్తరాది వలస పక్షులు ఇంకా రావు. అయినా ఇంట్లో కూర్చోవలసిన పని లేదు. తొలకరితో పాటు నలుపు తెలుపు రంగుల గొల్లకోకిల వినిపించడం మొదలవుతుంది, ఈత చెట్లకూ తాటి చెట్లకూ గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతాయి, గుర్రపుడెక్కా తామరలూ పరచుకున్న చెరువులలో పొడవాటి తోక పెంచుకున్న జకానాలు ఆకుల మీద నడుస్తూ కనిపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ మూడు నెలలలో స్థానిక పక్షులను బాగా గుర్తుపట్టడం నేర్చుకోవాలి. గుడ్డికొంగ ఏదో, తీతువు ఏదో, నామం కోడి ఏదో తడుముకోకుండా చెప్పగలిగినవారికే సెప్టెంబరులో వచ్చిన కొత్త పక్షి కొత్తదని తెలుస్తుంది.

ఆగస్టు చివరి వారం నుంచి మొదటి బృందాలు దిగుతాయి. ముందు వచ్చేవి బాతులని చాలామంది అనుకుంటారు కాని, నిజానికి ముందుగా కనిపించేవి బురదలో తిరిగే చిన్న ఉల్లంకి జాతి పిట్టలు. వీటితో దాదాపు సమానంగా గార్గనీ అనే చిన్న బాతు కూడా చేరుకుంటుంది. అక్టోబరులో కరెంటు తీగల మీద వానకోయిలలు బారులు తీరుతాయి, చేల గట్ల మీద జిట్టంగులు తోక ఆడిస్తూ తిరుగుతాయి, కంపచెట్ల కొసన గోధుమ రంగు ష్రైక్ కూర్చుంటుంది. ఈ నెలలోనే, నవంబరులో కూడా, తుపాను హెచ్చరికలు వస్తాయి కనుక తీరానికి బయలుదేరే ముందు వాతావరణ శాఖ సూచనలు చూసుకోవాలి. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు సంఖ్య అత్యధికంగా ఉంటుంది. మార్చిలో పక్షులు రంగు మారడం మొదలుపెట్టి, ఏప్రిల్ నెలాఖరుకు చాలావరకు వెళ్ళిపోతాయి.

ఈ కాలక్రమంలో డెల్టాలో వచ్చే ఒక ముఖ్యమైన ఘట్టాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో ముగిసి, దాళ్వాకు (రెండవ వరి పంటకు) మళ్ళీ నీరు పెట్టి దమ్ము చేసే, అంటే మట్టిని నీటితో కలిపి బురద చేసే, రోజులు డిసెంబరు, జనవరిలో వస్తాయి. వలస పక్షుల సంఖ్య పెరిగి ఉన్న సమయంలోనే వేల ఎకరాల చేలు ఒక్కసారిగా పల్చటి నీటితో, కలిపిన బురదతో నిండిపోతాయి. నా అభిప్రాయంలో ఏడాదికి ఒక్క నెల మాత్రమే పక్షుల కోసం కేటాయించగలిగినవారు ఆ నెలను ఈ దమ్ము రోజులకే కేటాయించాలి. దీనికి టిక్కెట్టు లేదు, పడవ అక్కర్లేదు, ఊరి బయట పుంత దారి చాలు.

రెండవ పని: సామాను తక్కువగా, సరైనదిగా ఎంచుకోండి

బైనాక్యులర్ మీద 8×42 అని రాసి ఉంటే, 8 అనేది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెప్పే సంఖ్య, 42 అనేది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. చేలలో, చెరువుల దగ్గర ఇది సరిపోతుంది. 10 రెట్లు ఉన్నది కొంటే దూరం దగ్గరవుతుంది గాని చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది. కొన్న రోజునే దానిని మీ కళ్ళకు సరిచేసుకోండి. కుడి వైపు అద్దం మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పి ఒక బోర్డు మీది అక్షరాలు స్పష్టంగా కనబడేలా చేయండి. తరువాత ఎడమ అద్దం మూసి, మధ్య చక్రాన్ని కదపకుండా, కుడి కంటి దగ్గర ఉండే చిన్న రింగును మాత్రమే తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేయండి. కళ్ళద్దాలు పెట్టుకునేవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి నొక్కి ఉంచుకోవాలి.

కాకినాడ అఖాతం వంటి విశాలమైన బురద నేలలకు మాత్రం ముక్కాలి స్టాండు మీద నిలిపే టెలిస్కోపు లేకపోతే సగం పక్షులు చుక్కలుగానే మిగిలిపోతాయి. అది ఖరీదైన వస్తువు కనుక సొంతంగా కొనడానికి ముందు ఎవరితోనైనా కలిసి వెళ్ళి వాడి చూడడం మంచిది. ఫోనులో మెర్లిన్ యాప్ ఉంటే పొదలలో కూసే పక్షుల గొంతు గుర్తించడానికి సాయపడుతుంది. అర కిలోమీటరు దూరంలో బురదలో నడిచే పిట్టల విషయంలో దానిని నమ్ముకోవద్దు. మట్టి రంగు దుస్తులు, టోపీ, మంచినీళ్ళు, చిన్న నోటుపుస్తకం, పెన్సిల్ ఉంచుకోండి. గట్ల మీద పాములు ఉంటాయి కాబట్టి పొడవాటి బూట్లు వేసుకుని, అడుగు వేసే చోట చూసుకుంటూ నడవండి.

మూడవ పని: మీ సొంత దారిని ఒకటి నిర్ణయించుకోండి

ఊరికి దగ్గరగా రెండు మూడు కిలోమీటర్ల పొడవుండే దారిని ఎంచుకోండి. ఆ దారిలో కనీసం మూడు రకాల నీరు తగలాలి: ఒక వరి చేను, ఒక పంట బోదె గాని మురుగు కాలువ గాని, ఒక చేపల చెరువు. ఏటిగట్టు కూడా కలిస్తే మరీ మంచిది. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు వారానికి ఒకసారి, సూర్యోదయం తరువాత మొదటి రెండు గంటలలో ఆ దారినే నడవండి. ప్రతిసారీ కొత్త చోటుకు వెళ్ళేవారు చాలా పక్షులను చూస్తారు గాని, ఏది వచ్చింది, ఏది వెళ్ళిపోయింది అన్నది వారికి తెలియదు. వలస అంటే రాకపోకల వ్యవహారం కాబట్టి ఒకే చోట పదేపదే చూస్తేనే అది అర్థమవుతుంది.

సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడాలి. ఉదయం పూట చెరువుకు తూర్పు గట్టు మీద నిలబడి పడమరకు చూస్తే ముక్కు రంగు, కాళ్ళ రంగు స్పష్టంగా తెలుస్తాయి. పడమటి గట్టు నుంచి చూస్తే ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది.

చేపల చెరువుల విషయంలో ఇంకొక సూచన. పట్టుబడి కోసం నీరు తోడేసిన చెరువులో అడుగున మిగిలిన చిన్న చేపలు, పురుగుల కోసం ఒకటి రెండు రోజులపాటు వందలాది పక్షులు దిగుతాయి. చుట్టుపక్కల రైతులతో పరిచయం పెంచుకుంటే ఏ చెరువు ఎప్పుడు తోడుతున్నారో ముందే తెలుస్తుంది. చెరువు యజమానిని అడగకుండా గట్టు ఎక్కవద్దు. మేత ఖర్చులు, జబ్బుల భయం ఉన్న రైతుకు కొంగలు, నీటికాకులు నష్టం కలిగించేవే. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆయనతో వాదించే బదులు, రొయ్యల చెరువు మీద కట్టిన బర్డ్ నెట్‌లో చిక్కుకున్న పక్షి కనిపిస్తే మాత్రం వెంటనే ఆయనకు చెప్పి, ఆయన సమక్షంలో దారాన్ని కత్తిరించి వదిలేలా చూడండి.

నాలుగవ పని: దమ్ము చేలో నిలబడి నీటి లోతును చదవండి

దమ్ము చక్రాల ట్రాక్టర్ తిరుగుతున్న మడి దగ్గర గట్టు మీద అరగంట కదలకుండా కూర్చోండి. ట్రాక్టర్ వెనకనే తెల్లకొంగలు వరుసగా నడుస్తాయి. చక్రం తిరగేసిన బురదలోంచి పైకి వచ్చిన పురుగునూ కప్పనూ అవి అందుకుంటాయి. వాటి తల పైన బూడిద రంగు విస్కర్డ్ టెర్న్‌లు గాలిలో గుండ్రంగా తిరుగుతూ నీటి మీదికి ముక్కు ముంచీ ముంచకుండా వాలి లేస్తుంటాయి. ఇంజను చప్పుడుకు అవి బెదరవు. మనిషి గట్టు మీద నిటారుగా లేచి నిలబడితే మాత్రం అంతా లేచిపోతుంది.

ఇప్పుడు ట్రాక్టర్‌ను వదిలి, పక్కనే నిన్న దమ్ము పూర్తయిన మడిని చూడండి. చదును సరిగా లేని మడిలో ఒక మూల నీరు జానెడు లోతు, మధ్యలో నాలుగు వేళ్ళు, గట్టు వారన కేవలం తడి బురద ఉంటాయి. లోతైన మూలలో గులాబి రంగు పొడవాటి కాళ్ళతో నల్ల రెక్కల స్టిల్ట్‌లు ఉంటాయి. మధ్యలో మడమ దాకా మునిగి పొడవాటి నిటారు ముక్కును బురదలోకి దింపే నల్లతోక గాడ్‌విట్‌లు, ఆకుపచ్చ కాళ్ళ గ్రీన్‌షాంక్‌లు కనిపిస్తాయి. తడి బురద మీద లిటిల్ స్టింట్‌లు పరుగెత్తుతాయి. పిచ్చుక కంటే అంతగా పెద్దది కాని ఈ పిట్ట ఆర్కిటిక్ ప్రాంతపు గడ్డి నేలల్లో గుడ్లు పెట్టి మన చేలకు వస్తుంది. కాలి పొడవు, ముక్కు పొడవు ఏ పక్షి ఎక్కడ నిలబడాలో నిర్ణయిస్తాయి. ఇది అలవాటయితే పక్షిని చూడకముందే, నీటి లోతును బట్టి ఏ జాతి ఉండవచ్చో ఊహించగలుగుతారు. ఊడ్పులు పూర్తయి నారు చిక్కబడగానే ఈ పక్షులన్నీ అక్కడి నుంచి కదిలిపోతాయి కనుక, ఒక మడి వారం పది రోజులకంటే ఎక్కువ పనికిరాదు. కాలువ శివారు భూములలో దమ్ము ఆలస్యంగా జరుగుతుంది. ఆ వరుసలో మీరూ కిందికి కదలండి.

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేవి మూడు శాండ్‌పైపర్‌లు. వీటిని మొదటి నెలలోనే తేల్చుకుంటే మిగతా పని తేలికవుతుంది. వుడ్ శాండ్‌పైపర్ చేలలో గుంపులుగా ఉంటుంది. వీపు మీద తెల్లని చుక్కలు దట్టంగా ఉంటాయి, కంటి పైన తెల్లని కనుబొమ కంటిని దాటి వెనక్కి పోతుంది, కాళ్ళు పసుపు ఛాయలో ఉంటాయి. గ్రీన్ శాండ్‌పైపర్ ఎక్కువగా ఒంటరిగా బోదెలోనో మురుగు కాలువ అంచునో ఉంటుంది. వీపు ముదురు రంగు, కనుబొమ కంటి దగ్గరే ఆగిపోతుంది, ఎగిరినప్పుడు రెక్కల అడుగు నల్లగా, తోక మొదలు తెల్లగా కనబడుతుంది. కామన్ శాండ్‌పైపర్ నేల మీద ఉన్నంతసేపూ వెనక భాగాన్ని పైకీ కిందికీ ఆడిస్తూనే ఉంటుంది. దాని రొమ్ము పక్క నుంచి తెలుపు రెక్క ముందు భాగంలోకి చొచ్చుకుని వస్తుంది. ఎగిరేటప్పుడు నీటికి ఆనుకుని, రెక్కలను కొద్దిగా కొట్టి కొద్దిగా నిలిపి పోతుంది, తోక మొదలు తెల్లగా ఉండదు. మూడింటినీ వెంట వెంటనే చూడాలంటే చేను, బోదె, రాతి రేవు ఒకే చోట ఉన్న స్థలం వెతకండి.

ఐదవ పని: కొల్లేటికి వెళ్ళినప్పుడు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు నీరు తెస్తాయి, ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006 ప్రాంతంలో అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టివేయించింది. ఆ తరువాత కూడా సరస్సుకూ చెరువులకూ మధ్య తగవు తీరలేదు.

గుడివాడ, భీమవరం రైలు మార్గంలో కైకలూరు స్టేషనులో దిగితే ఆటపాక పక్షుల కేంద్రం దగ్గరలోనే ఉంటుంది. నీటి మధ్యన నిలిపిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) గూళ్ళు పెడతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గుడ్లు, పిల్లలు ఉండే దశలన్నీ చూడవచ్చు. వీటిని గురించి ఒక పొరపాటు వ్యాప్తిలో ఉంది. ఆటపాకలోనూ, శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురంలోనూ కనిపించే ఈ పెద్ద పక్షులను సైబీరియా నుంచి వచ్చినవని పత్రికల్లో తరచూ రాస్తారు. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా వాసులే. నీటి కోసం, గూటి కోసం మన దేశంలోనే ఒక చోటు నుంచి మరొక చోటుకు పోతుంటాయి. పైగా పక్షి ఎక్కడ గూడు పెట్టి పిల్లలను చేస్తుందో అదే దాని సొంత ఊరు. సైబీరియా వైపు నుంచి వచ్చిన పక్షి ఇక్కడ గూడు పెట్టదు. దీనిని గుర్తుంచుకుంటే ఎవరు అతిథి, ఎవరు ఇంటివారు అనేది మీకే తెలిసిపోతుంది.

అసలు దూరపు అతిథులను చూడాలంటే గూళ్ళ దగ్గర నుంచి దృష్టి మరల్చి, వెనకనున్న తెరిపి నీటిని గాలించండి. కొల్లేటి జనం పరజలని పిలిచే చిన్న బాతులు, సూదితోక బాతులు, పార మూతి షవలర్‌లు పగటిపూట గుంపులుగా తేలుతూ నిద్రపోతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చిన మగ బాతులు ఇంకా ఆడవాటి లాంటి మట్టి రంగు ఈకలలోనే ఉంటాయి కనుక, అప్పుడు గుర్తుపట్టలేకపోతే నిరుత్సాహపడవద్దు. డిసెంబరు నాటికి మగ సూదితోక మెడ పక్కన పైకి పాకిన తెలుపు స్పష్టమవుతుంది. మగ గార్గనీ కంటి పైన వెడల్పాటి తెల్లని చార మాత్రం ఇంకా ఆలస్యంగా, చలికాలం చివరలో స్పష్టమవుతుంది. గుంపు మొత్తం ఒక్కసారిగా లేచిందంటే ముందు బాతులను కాకుండా ఆకాశాన్ని చూడండి. జమ్ము గడ్డి మీదుగా రెక్కలను కొద్దిగా పైకెత్తి తేలుతూ వచ్చే మార్ష్ హారియర్ అనే డేగ అక్కడ ఎక్కడో ఉంటుంది. అదీ వలస పక్షే.

పడవ ఎక్కితే గూళ్ళకు మరీ దగ్గరగా పోనివ్వమని నడిపేవారిని అడగవద్దు. పెద్ద పక్షి లేచిపోతే, గూటిలోని ఈకలు రాని పిల్ల ఎండకు, కాకులకు, గద్దలకు చిక్కుతుంది.

ఆరవ పని: కాకినాడ అఖాతానికి పోటు చూసుకుని వెళ్ళండి

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో ఉన్న కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. దాని విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. మడ అడవి మధ్య వేసిన చెక్క బాట మీద నడిస్తే లకుముకి పిట్టలు దగ్గరగా కనిపిస్తాయి. నల్ల టోపీ, ఎర్ర ముక్కు, ఊదా వీపు ఉన్న లకుముకి ఎక్కువగా చలికాలంలో కనిపిస్తుంది కాబట్టి దాని కోసం ప్రత్యేకంగా చూడండి. అయితే వేల సంఖ్యలో ఉండే తీరపు పక్షులు ఈ బాట మీద నుంచి కనబడవు. అవి హోప్ ఐలాండ్ అడ్డుగా ఉన్న అఖాతపు బురద నేలల మీద ఉంటాయి. అక్కడికి పడవలో వెళ్ళడానికి అటవీ శాఖ అనుమతి కావాలి.

ఇక్కడ గడియారం కంటే సముద్రం ముఖ్యం. పాటు వేళ నీరు వెనక్కి తగ్గితే బురద కిలోమీటర్ల మేర బయటపడి పక్షులు చెల్లాచెదురుగా దూరాన ఉంటాయి, కాలువలలో పడవ కూడా సాగదు. పోటు పూర్తిగా వస్తే బురద మునిగిపోయి పక్షులు ఎత్తైన ఇసుక తిప్పల మీద గుమిగూడి నిద్రపోతాయి. అందుచేత నిండు పోటుకు రెండు గంటల ముందే చేరుకుని, పెరిగే నీరు పక్షులను మీ వైపు నెట్టుకుంటూ వచ్చే సమయంలో చూడాలి. రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటాయి కాబట్టి, పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ రోజు మధ్యాహ్నం 3 గంటలకు నిండు పోటు అయితే మూడు రోజుల తరువాత సాయంత్రం 5.30 ప్రాంతంలో అవుతుంది. అమావాస్య, పౌర్ణమి తరువాత ఒకటి రెండు రోజులు పోటు పెద్దదిగా, అష్టమి తరువాత చిన్నదిగా ఉంటుంది. ఒకే చోట ఒకే తిథికి పోటు దాదాపు అదే వేళకు వస్తుంది కనుక, ఒకసారి వేళ రాసిపెట్టుకుంటే ఇంట్లోని పంచాంగమే తరువాతి ప్రయాణాలకు పనికివస్తుంది. వేటకు వెళ్ళే మత్స్యకారులను అడిగితే ఇంకా కచ్చితంగా చెబుతారు. అఖాతం ప్రధాన భూభాగానికి తూర్పున ఉంది గనుక ఉదయం ఎండ కంట్లో పడుతుంది. మధ్యాహ్నం తరువాత వచ్చే పోటునే ఎంచుకోవడం మేలు.

కిందికి వంగిన పొడవాటి ముక్కు ఉన్న కర్లూలు, గోధుమ తల గల్‌లు అనే సముద్రపు పక్షులు, ఇసుక రంగు ప్లవర్‌లు ముందుగా కంటబడతాయి. గల్‌ల తల చలికాలంలో గోధుమ రంగులో ఉండదు. తెల్లని తల మీద చెవి దగ్గర ఒక నల్లని మచ్చ మాత్రమే ఉంటుంది. మార్చి వచ్చేసరికి ముఖం అంతా గోధుమ రంగు కమ్ముతుంది. ఇసుక తిప్పల మీద స్కిమ్మర్‌ల కోసం తప్పక వెతకండి. నారింజ రంగు ముక్కులో కింది దవడ పైదానికంటే పొడవుగా ఉంటుంది, ఎగురుతూ ఆ కింది దవడతో నీటిని చీలుస్తూ చేపను పట్టే ఈ పక్షిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2020లో అంతరించే ప్రమాదం ఉన్న జాతుల వర్గంలోకి చేర్చింది. పడవ దిగి బురదలో నడవడానికి ఎన్నడూ ప్రయత్నించవద్దు. మోకాలి లోతు దిగిన కాలిని తీసుకునేలోపు పోటు వస్తుంది.

ఏడవ పని: ఏటి ఇసుక మీద జాగ్రత్తగా ఉండండి

కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య పంటు మీద దాటేటప్పుడే గౌతమి ఇసుక తిన్నెలను చూడవచ్చు. రివర్ టెర్న్‌లు, నలుపు తెలుపు లకుముకులు నీటి మీద ఒక్క చోట రెక్కలాడిస్తూ నిలిచి నిట్టనిలువుగా దూకుతాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు టెర్న్‌లూ చిన్న ప్రాటిన్‌కోల్‌లూ బోసి ఇసుక మీదే గుడ్లు పెడతాయి. మీరు తిన్నె ఎక్కగానే తల పైన అరుస్తూ తిరిగే పక్షి ఉంటే గుడ్లు దగ్గరలోనే ఉన్నాయని అర్థం, కాబట్టి వచ్చిన అడుగుల మీదుగానే వెనక్కి వచ్చేయండి. వేసవి ఎండలో తల్లి కొద్దిసేపు లేచినా గుడ్డు పాడవుతుంది. జూలై, ఆగస్టులలో వరద హెచ్చరిక ఉన్నప్పుడు లంకలకు వెళ్ళే మాట తలపెట్టవద్దు.

ఎనిమిదవ పని: చూసింది రాయండి, లెక్కించండి

తేదీ, చోటు, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, నీటి లోతు, పంట దశ, అఖాతంలో అయితే పోటు స్థితి ముందుగా రాయండి. ఆ తరువాతే పక్షుల పేర్లు. పేరు తెలియని పక్షికి కాళ్ళ రంగు, ముక్కు పొడవు తలతో పోలిస్తే ఎంత, ఎగిరినప్పుడు తెలుపు ఎక్కడ కనిపించింది అన్న మూడు వివరాలు చాలు. పెద్ద గుంపును లెక్కించేటప్పుడు ముందు పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో పట్టుకుని, అలాంటి ముక్కలు గుంపులో ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక పక్షి ఆ సీజనులో మొదట ఎప్పుడు కనిపించింది, చివరగా ఎప్పుడు కనిపించింది అన్న రెండు తేదీలు అన్నిటికంటే విలువైనవి. మొదటి తేదీ అందరూ రాస్తారు. చివరి తేదీ రాయాలంటే పక్షి కనబడని వారాలలో కూడా నడవాలి, ఎవరూ ఆ పని చేయరు. ఈ వివరాలను పక్షుల నమోదు వెబ్‌సైటు ఈబర్డ్‌లో నమోదు చేస్తే పరిశోధకులకు అందుతాయి. 1987 నుంచి ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో మీ చెరువును కూడా చేర్చవచ్చు.

కొన్ని పక్షుల కాళ్ళకు లోహపు ఉంగరాలు గాని రంగు పట్టీలు గాని ఉంటాయి. ఏ కాలికి ఉంది, మోకాలికి పైనా కిందా, పై నుంచి కిందికి రంగులు ఏ వరుసలో ఉన్నాయి, అక్షరాలు ఏమిటి అన్నవి రాసి, వీలైతే ఫోటో తీయండి. ఎడమ, కుడి అనేవి మీ వైపు నుంచి కాకుండా పక్షి వైపు నుంచి చెప్పాలి. 1883లో ఏర్పడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి ఈ సమాచారం పంపితే, ఆ పక్షికి ఎక్కడ, ఎప్పుడు ఉంగరం తొడిగారో తెలుసుకునే వీలుంటుంది.

చనిపోయిన పక్షిని వట్టి చేతితో తాకవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది కాబట్టి, ఒకే చోట అనేక పక్షులు చనిపోయి కనిపిస్తే పశుసంవర్ధక శాఖకూ అటవీ శాఖకూ వెంటనే తెలియజేయాలి. కోళ్ళ ఫారానికి వెళ్ళిన చెప్పులతో చెరువు గట్టుకు, చెరువు బురద అంటిన బూట్లతో ఫారానికి వెళ్ళకూడదు. వలలు వేసి పరజలను పట్టడం, వాటి మాంసం అమ్మడం, కొనడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరాలు. అలాంటిది కంటబడితే మీరు స్వయంగా తగవుకు దిగకుండా, చోటు, వేళ రాసుకుని అటవీ శాఖ కార్యాలయానికి చెప్పండి. ఫోనులో పక్షి కూత వినిపించి పిలవడం, గుంపు లేచే ఫోటో కోసం రాయి విసరడం వంటి పనులు చట్టంలో ఎక్కడ రాసి ఉన్నా లేకపోయినా మానండి. ఎగిరిన ప్రతిసారీ ఖర్చయ్యేది, మార్చిలో తిరుగు ప్రయాణానికి ఆ పక్షి కూడబెట్టుకున్న కొవ్వే.

మార్చి రెండవ సగం నుంచి వారానికి ఒకసారి నడిచే నియమాన్ని రెండుసార్లకు పెంచండి. ఈ రోజులలో నల్లతోక గాడ్‌విట్‌ల మెడ ఇటుక రంగులోకి, గోల్డెన్ ప్లవర్‌ల రొమ్ము నలుపులోకి తిరుగుతుంది. నవంబరులో బూడిద రంగులో చూసిన పక్షి ఇదేనా అన్న సందేహం వస్తుంది కనుక, నవంబరు పుటలను పక్కన పెట్టుకుని పోల్చండి. దాళ్వా కోతలయి కాలువలు కట్టేసిన తరువాత చేలు ఎండిపోయి, మిగిలిన పక్షులు ఉన్న కొద్దిపాటి చెరువుల దగ్గరికి చేరుతాయి కాబట్టి, ఏప్రిల్‌లో మీ దారిని చేల నుంచి చెరువులకు మళ్ళించండి. మేలో కూడా బూడిద రంగులోనే తిరుగుతున్న ఉల్లంకి పిట్ట ఒకటో రెండో కనబడితే అవి దారి తప్పినవి కావు. చాలావరకు ఇంకా గుడ్లు పెట్టే ఈడుకు రాని పిల్ల పక్షులు, ఆ వేసవికి ఇక్కడే ఉండిపోతాయి. వాటినీ తేదీతో సహా రాయండి.